నేలకు నంబరు లేదు

నా రిపోర్టు ఎప్పుడూ నేల నుంచే మొదలయ్యేది. వార్డులో ఎన్ని మంచాలున్నా, వాటి మీద ఎంత పెద్ద మనుషులు పడుకున్నా, డ్యూటీ అప్పగించేటప్పుడు ముందు కింద చాపల మీద ఉన్నవాళ్ళ సంగతి చెప్పేదాన్ని. ఆ తర్వాతే మంచాల దగ్గరికి వచ్చేదాన్ని. నా వెనక వచ్చిన చిన్న నర్సులు చాటుగా నవ్వుకునేవాళ్ళు. "నేల నర్సమ్మ" అని పేరు కూడా పెట్టారు. పెట్టుకోనీ! ఒక డాక్టరుగారైతే మొహం మీదే అడిగాడు, "ఏమమ్మా, మంచాలంటే నీకు పడదా?" అని. పడదు సార్ అన్నాను. నేనేదో సరదాగా అన్నాననుకుని ఆయన నవ్వాడు.

సరదాగా అనలేదు. నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా సర్కారు దవాఖానలో, నిజాం రాజ్యం రోజుల్లో, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పక నేనొక మనిషిని పోగొట్టాను. తప్పు ఎవరి మీదో తోసెయ్యడానికి ఇది రాయడం లేదు. తోసెయ్యడానికి మనుషులు చాలామందే ఉన్నారు. కానీ ఎంతమంది మీదికి తోసినా చివరికి కొంత నా దగ్గరే మిగిలిపోతోంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మా బాపు ఒక దొర దగ్గర వెట్టి చేసినవాడు. మిషనువాళ్ళు మా ఊరికి వచ్చాక బాప్తిస్మం తీసుకున్నాడు, నన్ను వాళ్ళ బడిలో వేశాడు. అక్కడినుంచి వాళ్ళ ఆసుపత్రిలోనే నర్సు పని నేర్చుకున్నాను. అక్కడ మాకు నేర్పిన తెల్ల సిస్టరమ్మకు తెలుగు సరిగ్గా వచ్చేది కాదు గానీ, వచ్చిన నాలుగు ముక్కలతోనే మా చెవులు పిండేది. "గట్టిగా అరిచే మనిషికి అరిచే బలం ఉంది. ముందు అరవని మనిషి దగ్గరికి పో" అనేది. డ్యూటీ అప్పగించేటప్పుడు మేము ఈ చివర నుంచి ఆ చివరికి వరసగా చెప్పుకుపోతుంటే చెయ్యి అడ్డం పెట్టేది. "వరస కాదు. ఈ గదిలో సాయంత్రానికి ఎవరు చచ్చిపోవచ్చు? ఆ మనిషి సంగతి ముందు చెప్పు" అనేది. చెప్పలేకపోతే చెప్పేదాకా నిలబెట్టేది. ఆమె నోరు మంచిది కాదని తిట్టుకునేవాళ్ళం.

చదువైపోయాక సర్కారు దవాఖానలో కొలువు దొరికింది. యుద్ధం నడుస్తున్న రోజులు. క్వినైన్ దొరికేది కాదు, గాజుగుడ్డను ఉతికి ఉతికి వాడేవాళ్ళం. ఆడవాళ్ళ వార్డులో ఆరు మంచాలు. గోడ మీద ఒక్కో మంచానికీ పైన నల్ల రంగుతో నంబరు వేసి ఉండేది. కిటికీ పక్కన, దోమతెరతో, తెల్ల దుప్పటితో ఉండేది ఒకటో నంబరు. అది పోలీసు అమీన్ గారింటి ఆడవాళ్ళకో, తహసీల్దారు ఇంటివాళ్ళకో, చుట్టుపక్కల గడీల దొరసానులకో తప్ప ఇంకొకరికి దక్కేది కాదు. ఆరు మంచాలూ నిండితే మిగతావాళ్ళు నేల మీద. వాళ్ళకు చాప, చాప లేకపోతే గోనెపట్టా. నేలకు నంబరు లేదు.

పొద్దున డాక్టరు సాబు వార్డులోకి వచ్చినప్పుడు ముందు ఆయన, పక్కన రిజిస్టరుతో కాంపౌండర్, వెనక నేను. సాబుది హైదరాబాదు పట్నం. మంచి చెయ్యి ఆయనది, చెడ్డవాడని నేను అనను. కానీ తెలుగు రాదు, నాకు ఉర్దూ అంతంతమాత్రం. నేను తెలుగులో చెబితే కాంపౌండర్ ఉర్దూలో చెప్పేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారి మా కాంపౌండర్. నేను చెప్పిన పది మాటల్లో ఆయనకు నచ్చిన నాలుగే సాబు చెవికి చేరేవి. ఆ నాలుగూ కూడా ఒకటో నంబరు నుంచి ఆరో నంబరు దాకా వరసలోనే చేరాలి. ఆరో నంబరు అయ్యాక సాబు కిందికి ఒక చూపు చూసి "ఔర్?" అనేవాడు. ఇంకేమైనా ఉందా అని. "బాకీ సబ్ ఠీక్ సాబ్" అనేవాడు కాంపౌండర్, మిగతావాళ్ళంతా బాగానే ఉన్నారని. అంతటితో నేల మీదివాళ్ళందరి వైద్యం అయిపోయేది.

చేరిన మొదటి నెలలో ఒకసారి వరస తప్పాను. కింద వాంతులు, విరేచనాలతో ఒకామె కళ్ళు తేలేస్తోంది. ఒకటో నంబరు దగ్గరే ఆగిపోయిన సాబుకు అడ్డం వెళ్ళి, ముందు ఈమెను చూడండి అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాకు నువ్వు నేర్పుతావా అని ఉర్దూలో, అందరి ముందూ, నెమ్మదిగా అడిగాడు. కాంపౌండర్ దాన్ని తెలుగులోకి మార్చి గట్టిగా చెప్పాడు. ఆ అనువాదంలో మాత్రం ఒక్క ముక్క కూడా తగ్గలేదు! తీరా ఆ వాంతుల మనిషి బతికింది. ఆమె బతకడమే నా ప్రాణానికి వచ్చింది. "సూసినవా, ఏమన్న అయిందా? ఊకె లొల్లి చేస్తవు. నంబర్ల తీరుగ చెప్పు, నడిమిట్ల దుంకకు" అని కాంపౌండర్ నెలరోజులు సాధించాడు. నాకూ కొలువు కావాలి. ఇంటి దగ్గర నా జీతం మీద ముగ్గురు బతుకుతున్నారు. దుమకడం మానేశాను.

ఆ ఏడు వానాకాలంలో ఒక బాలింతను బండిలో వేసుకుని తెచ్చారు. పక్క ఊరి దొర గడీలో వెట్టి చేసేవాడి పెండ్లాం. కాన్పు ఇంట్లోనే అయింది, ఆడపిల్ల. మంత్రసాని మాయను తీసేటప్పుడు అది తునిగి కొంత లోపల ఉండిపోయింది, నెత్తురు ఆగలేదు. సాబు ఆ రోజు గంటసేపు కష్టపడి శుభ్రం చేసి ఆమెను నిలబెట్టాడు. నాలుగో నంబరు ఖాళీగా ఉంటే అందులో పడుకోబెట్టాం.

పుట్టి బుద్ధెరిగాక ఆమె మంచం మీద పడుకోవడం అదే మొదలు. ఇనుప మంచం, కదిలితే కిర్రుమనేది. రెండు చేతులతో అంచులు పట్టుకుని పడుకునేది. "కింద పడ్తనేమో నర్సమ్మా" అనేది. "పడవు, ఒదిలెయ్యి" అంటే నవ్వేది, వదిలేది కాదు. మూడో రోజుకు ఒక చెయ్యి వదిలింది, ఆ చేత్తో పిల్లను పట్టుకోవడానికి. మొగుడు బయట వేపచెట్టు కింద మూడు రాళ్ళ మీద గటక వండి ఒక ముంతలో తెచ్చి ఇచ్చేవాడు. వార్డు గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. ఎవరూ రావద్దనలేదు, అయినా రాలేదు.

"మీదే ఊరమ్మా?" అని ఆమె నన్ను ఒకసారి అడిగింది. నేను మిషను ఆసుపత్రి ఉన్న ఊరి పేరు చెప్పాను. మా బాపు ఏం పని చేసేవాడో, మా గుడిసె ఊరికి ఏ వైపున ఉండేదో చెప్పలేదు. తెల్ల గౌను, నెత్తిన టోపీ వేసుకున్నాక ఆ మాట నోటికి రాలేదు. ఆమె నన్ను పెద్దింటి పిల్ల అనుకుంది. అనుకోనిచ్చాను.

నాలుగో రోజు పొద్దున్నే దవాఖాన ముందు కచ్చురం ఆగింది. అంటే గడీల ఆడవాళ్ళు తిరిగే, నాలుగువైపులా పరదాలు కట్టిన ఎడ్లబండి. బండి ముందు ఇద్దరు, వెనక ఇద్దరు వెట్టివాళ్ళు పరుగెత్తి వచ్చి రొప్పుతూ నిలబడ్డారు. దిగింది ఈ బాలింత ఊరి దొర కోడలు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. జబ్బు ఏమిటంటే గోరుచుట్టు! గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు చూడండి. గోరుచుట్టు ఆవిడది, రోకటిపోటు మాది. దవాఖాన అంతా ఎగిరిపోయేలా అరుస్తోంది. అయ్యో, నొప్పి నిజమే, గోరుచుట్టు సలుపు పడినవాళ్ళకే తెలుసు. చిన్నపిల్ల, పాపం. ఆమెనేమీ అనను. కానీ గోరుచుట్టుతో ఎవరూ చావరు.

ఆమెను ఒకటో నంబరులో కూర్చోబెట్టి వేడినీళ్ళు తెమ్మని ఆయాను పంపి ఇటు తిరిగేసరికి నాలుగో నంబరు ఖాళీగా ఉంది. బాలింత పిల్లను చంకనేసుకుని కిందికి దిగి, మంచానికీ గోడకూ మధ్య మూలకు ముడుచుకుని గోనెపట్టా మీద కూర్చుంది. తలమీద కొంగు ముక్కు దాకా లాక్కుంది.

"ఇదేంది? ఎవరు దిగమన్నరు నిన్ను? మంచమెక్కు" అన్నాను.

"వద్దమ్మా. దొరసాని ఉన్నది గద. ఆమె ముంగట నేను మంచం మీద ఎట్ల పంట?" అంది గుసగుసగా.

"ఇది దవాఖాన. ఇక్కడ దొరసాని లేదు, ఎవరూ లేరు. ఎక్కు."

"నీ కాల్మొక్త అమ్మా, గట్టిగ అనకు. ఆమె పొయ్యేదాంక గిట్లనే కూసుంట. రేపు మేం ఊర్లె బతకాలె గద."

వేరే నర్సయితే విసుక్కునేది, లేదా ఆశ్చర్యపోయేది. నాకు ఆశ్చర్యం కలగలేదు, అదీ నా కర్మ. నా ఏడో ఏట మా బాపు చలిజ్వరంతో గుడిసె ముందు నులకమంచంలో మూలుగుతున్నాడు. దొర బండి వస్తోందని ఎవరో అరిచారు. మా నాయనమ్మ కొడుకును భుజాలు పట్టి కిందికి ఈడ్చి దుమ్ములో కూర్చోబెట్టింది. బండి వెళ్ళిపోయాక మళ్ళీ మంచంలో వేసింది. ఆ ఈడ్చడం చూసినదాన్ని నేను. అందుకే ఆ బాలింత మాట నా బుద్ధికి కాదు, నేరుగా ఒంటికే అర్థమైంది. సరే పోనీ, ఒక గంటే కదా అనుకున్నాను. నా ఒంట్లో ఉన్న మా నాయనమ్మ అలా అనుకుంది.

"ఒంట్లో ఎట్లుంది?" అని అడిగాను.

"మంచిగనే ఉన్న. ఏం లేదు. జర నీళ్ళియ్యి."

ఇచ్చాను. గడగడా తాగి మళ్ళీ అడిగింది. మళ్ళీ ఇచ్చాను. చెంబు తిరిగి ఇస్తూ పెద్దగా ఆవలించింది. నాడి పట్టుకుని చూశాను. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. నాడి సన్నగా, లెక్కపెట్టడానికి అందనంత తొందరగా కొట్టుకుంటోంది. దాహం, ఆవలింత, చల్లని చెమట, తొందర నాడి. ఆ నాలుగూ కలిస్తే ఏమిటో సిస్టరమ్మ మాకు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా నేర్పింది. లోపల ఎక్కడో నెత్తురు పోతోంది. నాకు తెలిసింది. తెలియలేదని అబద్ధం చెప్పను. ఆమె చీర పక్కకు తీసి చూడబోయాను. "అయ్యో వద్దమ్మా, మైల. దొరసాని సూస్తది" అని నా చెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే సాబు బూట్ల చప్పుడు వినిపించింది.

సరే, ఇప్పుడే చెప్పేస్తాను అనుకుని వెళ్ళి నా చోట్లో నిలబడ్డాను. ఒకటో నంబరు దగ్గరే అరగంట పట్టింది. సాబు గోరుచుట్టు చీరాడు, చీము తీశాడు, కట్టు కట్టాడు. చీరుతుంటే దొరసాని పెట్టిన కేకలకు పక్క వార్డులోవాళ్ళు గుమ్మం దాకా వచ్చారు. నోరున్నవాళ్ళదే రాజ్యం. అటు మూలన బాలింత కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది, ఆ ముసుగు కొద్దిగా ఊగుతోంది. నా నోట్లో మాట ఉంది. రెండో నంబరు చెప్పాను. మూడో నంబరు చెప్పాను. ఇంకేముంది, తర్వాతది నాలుగే, తిన్నగా దాని దగ్గరికే వస్తున్నాం, మధ్యలో దుమకాల్సిన పని కూడా లేదు అనుకున్నాను.

"చార్ నంబర్?" అన్నాడు సాబు.

కాంపౌండర్ మంచం వైపు చూశాడు. దుప్పటి సర్ది ఉంది. దిగేటప్పుడు ఆమే సర్దింది మహాతల్లి. "ఖాళీ హై సాబ్" అన్నాడు కాంపౌండర్, ఆమె చెప్పకుండా ఇంటికి పోయిందనుకుని. ఖాళీ అని రిజిస్టరులో రాసుకుని, అవునా అన్నట్టు నా వైపు చూశాడు. సాబు కూడా చూశాడు. ఒకటో నంబరు నుంచి దొరసాని, ఆమె వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు చూశారు.

"జీ" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. మంచం ఖాళీయే కదా, అడిగిన దానికి జవాబు అదే కదా అని ఒక మనసు. దొరసాని ఎదుట ఆ బాలింత గుట్టు బయటపెడితే రేపు ఊళ్ళో ఆమెకు ముప్పని ఇంకో మనసు. ఈ రెండూ నేను తర్వాత కుట్టుకున్న బొంతలు. అసలు సంగతి భయం. మళ్ళీ ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడేమోనని భయం. ఐదు అయింది, ఆరు అయింది. "ఔర్?" అన్నాడు సాబు. "బాకీ సబ్ ఠీక్" అన్నాడు కాంపౌండర్. అప్పుడూ నేను నోరు తెరవలేదు.

వాళ్ళూ, వాళ్ళ వెంట దొరసానీ వరండాలోకి వెళ్ళాక వెనక పరుగెత్తాను. చేతులు కాలాక ఆకులు! అప్పటికే కచ్చురం కట్టారు. గడీలో పెద్ద దొరసానికి ఆయాసమట, డాక్టరు గారు వచ్చి చూసి అక్కడే భోజనం చెయ్యాలట. "సాబ్, ఒక్క మాట" అన్నాను. కాంపౌండర్ మందుల సంచీ భుజాన వేసుకుంటూ అడ్డం వచ్చాడు. "గిప్పుడేంది? దొరగారు పిలిచిండ్రు. వచ్చినంక చెప్పు" అన్నాడు. దొరసాని పరదాల వెనక, సాబు, కాంపౌండర్ బండివాడి పక్కన ఎక్కారు, బండి కదిలింది. అరవాల్సింది. బండికి అడ్డం పడుకోవాల్సింది. నేను చెయ్యి పైకెత్తాను, అంతే. సాబు దాన్ని సలాం అనుకుని తలూపాడు.

లోపలికి వచ్చి ఈసారి ఆమె వద్దన్నా వినకుండా చీర లాగాను. గోనెపట్టా మొత్తం నల్లగా తడిసి ఉంది. గోనె పీల్చుకోవడం వల్ల నేల మీదికి ఒక్క చుక్క రాలేదు. ఆ పైన చీర కుచ్చెళ్ళు పరిచి కప్పి కూర్చుంది. గదిలో మైల కనబడకూడదని, దొరసాని కంట పడకూడదని, తన ప్రాణాన్ని గోనెలోకి అలా పోనిస్తూ కూర్చుంది.

పడుకోబెట్టి కాళ్ళ కింద ఇటుకలు పెట్టాను. పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచిని పిండుతూ ఉన్నాను. నెత్తురు కట్టే సూదిమందు ఉంది దవాఖానలో. అద్దాల బీరువాలో, మూడో అరలో, నాకు కనిపిస్తూనే ఉంది. తాళం చెవుల గుత్తి కాంపౌండర్ మొలలో, కచ్చురంలో, గడీ దారిలో ఉంది. బీరువా అద్దం పగలగొట్టవచ్చని నాకు ఆ రోజు తట్టనేలేదు. మర్నాడు తట్టింది. సర్కారు అద్దం మరి! మనిషి ప్రాణమైతే పగిలినా ఎవరూ అడగరు, అద్దం పగిలితే జవాబు చెప్పాలి. ఆ లెక్క నా బుర్రలో ఎప్పుడు పాతుకుందో నాకే తెలియదు.

కిటికీలోంచి ఆమె మొగుణ్ణి పిలిచాను. "గడీకి ఉరుకు. డాక్టర్ సాబును తోలుకురా. నీ పెండ్లాం పానం మీదికొచ్చిందని చెప్పు. కాంపౌండర్ను తాళంచెవులతోని రమ్మని చెప్పు" అన్నాను. రెండు కోసుల దూరం. గటక ముంత అక్కడే పెట్టి పరుగెత్తాడు. వాళ్ళ కంటే ముందే చేరతాడనిపించేంత వేగంగా వెళ్ళాడు. మధ్యాహ్నం లోపు సాబు వచ్చేస్తాడు, ఆమె బతుకుతుంది అని ఆయాతో అన్నాను. ఆయా పిల్లను ఎత్తుకుని అటు తిరిగింది. ఆమె నాకంటే ఎక్కువ చూసిన మనిషి.

ఈలోగా నాలుగో నంబరు కూడా పోయింది. జ్వరంతో ఒక సావుకారి తల్లి వచ్చింది. రిజిస్టరులో నాలుగు ఖాళీ అని ఉంది కాబట్టి చప్రాసీ తెచ్చి అందులోనే పడుకోబెట్టాడు. నా రెండు చేతులూ బాలింత కడుపు మీదే ఉన్నాయి. వద్దని కేకేశాను. రిజిస్టర్ల ఉన్నది అన్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. కాసేపు కళ్ళు మూసుకుని తెరిచింది.

"దొరసాని పోయిందా?" అంది.

"పోయింది."

"ఇగ మంచమెక్కనా?"

ఎక్కుదువు, జర ఆగు అన్నాను. కదిపితే ప్రమాదమని. ఆమె సరేనని తల ఊపింది. ఎవరు ఏం చెప్పినా సరే అనే మనిషి. ఒక చెయ్యి పక్కకు చాచి నేలను తడిమింది. మంచం అంచు కోసం వెతుకుతోందని నాకు ఆ తర్వాత తట్టింది. గుడిసెకు తాళం లేదు, కోళ్ళను కుక్కలు తింటాయేమో అని ఏదో అంది. అంతే. మధ్యాహ్నం దాటాక నా చేతి కింద పొట్ట అలాగే ఉంది, మనిషి లేదు. నేను ఇంకా పిండుతూనే ఉన్నాను. ఆయా వచ్చి నా చేతులు తీసింది.

పొద్దు వాలాక కచ్చురం గంటలు వినిపించాయి. బయటికి వచ్చి చూశాను. బండి ముందు పరుగెత్తుతూ వస్తున్నది అతనే. గొంగడి నడుముకు చుట్టుకుని, ఒళ్ళంతా చెమటతో, దొర బండి వస్తుంటే వెట్టివాడు ఎలా ముందు పరుగెత్తాలో అలా పరుగెత్తి వచ్చాడు. నా గుండె మండిపోయింది. మెట్ల దగ్గరే పట్టుకున్నాను.

"చెప్పమంటి కదరా! చెప్పలేదా?" అన్నాను.

"గేటుకాడ చెప్పిన అమ్మా. దొరలు తింటుండ్రు, జర ఆగుమన్నరు. ఎడ్లకు నీళ్ళు పెట్టుమన్నరు, పెట్టిన. కట్టెలు కొట్టుమన్నరు, కొట్టిన."

"డాక్టర్ సాబు బయటికి వచ్చినప్పుడు?"

"ఆయన దొరతోని మాట్లాడుతుండె. పెద్దోళ్ళు మాట్లాడుతుంటే నడిమిట్ల నేనెట్ల మాట్లాడత?"

ఏమని తిట్టాలి? పొద్దున వార్డులో తెల్ల గౌను వేసుకుని నేను చేసిన పనే, గొంగడి చుట్టుకుని గడీ ముందు అతనూ చేశాడు. నేను జీ అన్నాను, అతను అదీ అనలేదు. "ఇక్కడే కూసో" అని లోపలికి వచ్చాను.

సాబు వంగి కళ్ళ రెప్పలు ఎత్తి చూశాడు. గోనెపట్టా చూశాడు. "పొద్దున ఎందుకు చెప్పలేదు?" అన్నాడు నాతో. ఈసారి తెలుగులోనే, వచ్చీరాని తెలుగులో, కాంపౌండర్ సాయం లేకుండా అడిగాడు. ఆయన కళ్ళద్దాలు తియ్యలేదు. ఆయన మొహంలో నిజంగానే బాధ ఉంది. చెబితే వినేవాడేమో! ఆ అనుమానమే నన్ను ఇన్నేళ్ళుగా తింటోంది. వినడని ఖాయంగా తెలిస్తే ఈపాటికి నిద్రపట్టేది.

కాంపౌండర్ రిజిస్టరు తెరిచి కలం పట్టుకున్నాడు. సచ్చినోళ్ళకు నంబరు రాయాలె, కింద సచ్చిందని రాస్తే జిల్లా నుంచి అడుగుతరు, మంచం మీద వెయ్యున్రి అన్నాడు. నాలుగులో సావుకారి తల్లి ఉంది. ఖాళీగా ఉన్నది ఒకటే, దొరసాని దిగిన ఒకటో నంబరు. నేను, ఆయా, చప్రాసీ కలిసి ఆమెను ఎత్తి దాని మీద పడుకోబెట్టాం. తెల్ల దుప్పటి కప్పాం. కాంపౌండర్ నంబరు రాసుకున్నాడు. ఆమె చేతులు పక్కలకు పడ్డాయి. అంచులు పట్టుకోలేదు.

అప్పుడు అతణ్ణి పిలిచాను. కాళ్ళు కడుక్కుని, గడప దగ్గర కాసేపు తటపటాయించి, మొదటిసారి లోపలికి వచ్చాడు. ముందు నేల మీద వెతికాడు. కనబడలేదు. తర్వాత తలెత్తి ఒకటో నంబరు వైపు, దోమతెర వైపు, తెల్ల దుప్పటి వైపు చూశాడు. ఏడవలేదు.

"గిది దొరసాని పండిన మంచం గదమ్మా?" అన్నాడు.

"అవును."

"గిండ్లనే పోయిందా, మాది? గీ మంచం మీదనే?"

నిజం చెప్పడానికి నాకు రెండో అవకాశం అది. ఆయా నా వైపు చూస్తోంది, కాంపౌండర్ రిజిస్టరు మూస్తూ చూస్తున్నాడు. అతని కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.

"ఆఁ" అన్నాను.

అతను వంగి నా కాళ్ళు పట్టుకున్నాడు. గబుక్కున వెనక్కి జరిగాను, అయినా వదల్లేదు. "నీ కడుపు సల్లగుండ తల్లీ. మా జన్మల మాకు గింత మర్యాద ఎవలు చేసిండ్రు" అన్నాడు. ఆయా చేతిలోంచి పిల్లను తీసుకుని గొంగడిలో చుట్టుకున్నాడు. ఆ పిల్ల బతికిందో లేదో నేనెప్పుడూ కనుక్కోలేదు. రెండు కోసుల దూరమే, కనుక్కునే ధైర్యం చాలలేదు. వెళ్ళేముందు పిల్ల మొహం మీంచి గొంగడి తీసి "సూడు బిడ్డా, మీ అవ్వ మంచం మీద పోయింది" అని దానికి చూపించాడు.